నాలుగు పండుగలకూ ఒకే పంక్తి



"పండుగంటే పిల్లలకు సెలవు, మగవాళ్ళకు కొత్త పంచె, మనకు మాత్రం రుబ్బడం, వండటం, కడగటం!" అని మా వదినగారు అంటూ వుంటారు. నవ్వుతూనే అంటారుగానీ, ఆ నవ్వు వెనక నడుంనొప్పి వుంది. ఆ నడుంనొప్పికి కాస్త ఉపశమనం దొరికేటట్టు, పండుగ సంబరం మాత్రం తగ్గకుండా వుండేటట్టు ఏం చెయ్యొచ్చో ఈవేళ మాట్లాడుకుందాం.

ఒక్కసారి పంచాంగం తెరిచి చూడండి. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిదోనాడు సద్దుల బతుకమ్మ. ఆ వెనకే విజయదశమి. ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. చతుర్దశి, అమావాస్య దీపావళి. కార్తిక శుద్ధ విదియ భగినీ హస్తభోజనం. చవితినాడు నాగుల చవితి. తర్వాత క్షీరాబ్ది ద్వాదశి, పౌర్ణమి. మొత్తం చూసుకుంటే అమావాస్య నుంచి కార్తిక పౌర్ణమిదాకా నలభై అయిదు రోజులు. ఈ నలభై అయిదు రోజుల్లో ఎన్నిసార్లు మూకుడు పొయ్యిమీద పెడతామో లెక్క వేసుకోండి!

పోనీ, అన్నిసార్లు వండినా అందరూ వస్తారా అంటే అదీ లేదు. ఒక అబ్బాయి బెంగుళూరులో, ఒక అమ్మాయి పూనాలో, ఇంకొకరు విశాఖపట్నంలో. దసరాకు వచ్చినవాడికి దీపావళికి సెలవు దొరకదు. దీపావళికి వచ్చే అమ్మాయికి దసరాకు రైలులో చోటు దొరకదు. తల్లి నాలుగుసార్లు వండుతుంది, నాలుగుసార్లూ సగం విస్తళ్ళే నిండుతాయి. ఆ మిగిలిన సగం చూసుకుని బాధపడుతుంది. అందుకే ఈమధ్య చాలా ఇళ్ళలో "అన్నీ కలిపి ఒకరోజు అందరం కలుద్దాం" అనే మాట వినబడుతోంది. మాట మంచిదే. కాని కలపడంలో ఒక పద్ధతి వుంది. పద్ధతి లేకుండా కలిపితే పండుగా వుండదు, విశ్రాంతీ వుండదు.

ఏది కదులుతుంది, ఏది కదలదు?

"తిథి తప్పి పండుగేమిటమ్మా?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. వాళ్ళ మాట కొట్టిపారెయ్యకండి. అందులో న్యాయం వుంది. ప్రతి పండుగలోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి తిథికి కట్టుబడిన భాగం. అమావాస్య రాత్రి వెలిగించే దీపం, తదియనాడు చంద్రుణ్ణి చూసి చేసే గౌరీపూజ, తొమ్మిది రోజులూ పేర్చే బతుకమ్మ, చవితినాడు పుట్టలో పోసే పాలు - వీటిని మనం ఇష్టం వచ్చిన రోజుకు జరపలేం. రెండోది పదిమందీ కూడి తిని, ఆడి, పాడుకునే భాగం. దానికి తిథితో నిమిత్తం లేదు. అదే కదులుతుంది.

కనుక పూజను దాని రోజునే వుంచండి, పంక్తిని జరపండి. పూజ రోజున ఇంట్లో వున్నవాళ్ళమట్టుకు చిన్న ఎత్తున, ఒక్క పిండివంటతో, పిడికెడు నైవేద్యంతో కానివ్వండి. దేవుడికి కిలోల లెక్క లేదు. పెద్ద వంట మాత్రం అందరూ వచ్చే ఆ ఒక్కరోజుకు అట్టేపెట్టండి.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. కార్తిక వనభోజనానికి ఫలానా తిథి అంటూ లేదు. నెలలో ఏ రోజు అందరికీ వీలయితే ఆ రోజు ఉసిరిచెట్టు కిందికి వెళ్ళి వండుకు తినమన్నారు. అంటే బంధువులందరూ కలవడానికి ఒక జరుపుకోదగిన రోజు వుండాలని మన పెద్దలకు ముందే తెలుసన్నమాట. ముందు వచ్చే దసరా, అట్లతద్ది, దీపావళి విందులను తీసుకొచ్చి ఈ వనభోజనంలో కలిపితే ఎవరికీ అభ్యంతరం వుండదు.

రోజు ఎంచుకోవడం

చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. మన ఇంగ్లీషు క్యాలెండరుకన్నా దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఆ తేడాను సరిచెయ్యడానికే రెండున్నర, మూడేళ్ళకొకసారి అధికమాసం వస్తుంది. అందువల్ల కార్తికం మొదలయ్యేది ఒక ఏడు అక్టోబరు మూడోవారంలో, ఇంకో ఏడు నవంబరు మధ్యలో. కాబట్టి ముందు పంచాంగం చూసి, ఆ తర్వాత స్కూలు క్యాలెండరు చూడండి.

సోమవారం వద్దు. కార్తిక సోమవారాలు చాలామంది ఉపవాసం వుంటారు. ఏకాదశి వద్దు. ఆదివారం అందరికీ సెలవేగాని, ఆదివారం ఉసిరికాయ తినకూడదనే పట్టింపు చాలా ఇళ్ళలో వుంది. వనభోజనంలో ఉసిరికాయ పచ్చడి లేకపోతే ఎలా? అందుకని మా ఇంట్లో శనివారానికి నిర్ణయించుకున్నాం. శనివారం ఒంటిపూట వుండే పెద్దవాళ్ళకు కూడా మధ్యాహ్నం భోజనంతో సరిపోతుంది. మర్నాడు ఆదివారం తిరుగు ప్రయాణానికి వుంటుంది. నాలుగు శనివారాల్లో ఏది కుదిరేదీ దసరాకు ముందే అందరికీ ఫోను చేసి కనుక్కోండి. రైలు టిక్కెట్లకు ఆమాత్రం వ్యవధి వుండాలి.

ఎవరి పండుగ వాళ్ళు తేవాలి

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటి ఏడు నేను గొప్పకు పోయి, "మీరంతా చేతులూపుకుంటూ రండి, అన్నీ నేను చూసుకుంటా" అన్నాను. ఇరవై రెండు మందికి తెల్లవారుజాము నాలుగింటినుంచి వండి, సాయంత్రం నాలుగింటికి ఆఖరి విస్తరిలో చల్లారిన అన్నం తిని, మర్నాడు జ్వరంతో పడుకున్నాను. నాలుగు పండుగల శ్రమా నాలుగుసార్లు పడేదాన్ని ఒక్కరోజే పడ్డాను, అంతే తేడా!

రెండో పొరపాటు ఇంకా పెద్దది. మా పెద్దకోడలిది వరంగల్లు. వంటకాలన్నీ నేనే నిర్ణయించానేమో, అన్నీ మా కోస్తావైపువే అయ్యాయి. రాత్రి గిన్నెలు సర్దుతూ మెల్లిగా అంది: "అత్తమ్మా, గిట్ల కలిపితే మా బతుకమ్మ ఏడ మిగుల్తది?" ఆ మాట నాకు చురుక్కుమంది. నిజమే మరి! కలపడమంటే పెద్ద పండుగ చిన్న పండుగను మింగెయ్యడం కాదు. అత్తింటి పండుగ కోడలి పండుగను మింగితే, ఆ ఇంట్లో ఆ పిల్ల ఎప్పటికీ చుట్టమే.

రెండో ఏటినుంచి పద్ధతి మార్చాం. సద్దుల బతుకమ్మకు ఆమె పుట్టింటికి వెళ్ళి తీరాలి. ఆ రోజు మాకోసం ఆగేది లేదు. ఇక కలిసే రోజున ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క పండుగ తెస్తుంది.

పెద్దకోడలు సద్దులు తెస్తుంది: చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వులన్నం. వాటితోపాటు రొట్టెను నలిపి బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు. బతుకమ్మను మళ్ళీ పేర్చదు, దాని రోజులు అయిపోయాయిగా. కాని సాయంత్రం పాట ఆమె ఎత్తుకుంటుంది, మేమంతా చుట్టూ తిరిగి చప్పట్లు కొడతాం. మా చెల్లెలు అట్లతద్ది తెస్తుంది: అట్లపిండి, గోరింటాకు, పిల్లలకు ఉయ్యాల కట్టడానికి తాళ్ళు. మా అమ్మాయి దీపావళి తెస్తుంది: ప్రమిదలు, వత్తులు, నూనె, ఒక మిఠాయి. ఇంటామెగా నాది వనభోజనం: కంద బచ్చలికూర, పప్పు, ఉసిరికాయ పచ్చడి, బూరెలు. దసరా మా అత్తగారిది. పండుగనాడు దాచి వుంచిన జమ్మి ఆకు మనవల చేతుల్లో పెట్టి, కాళ్ళకు దణ్ణం పెట్టించుకుంటారు. దసరాకు రాలేనివాడికి దీవెన ఆలస్యంగా అందినా దీవెనే కదా!

ఇలా పంచకపోతే ఏమవుతుందో తెలుసా? అందరూ మిఠాయిలే తెస్తారు. అయిదు రకాల తీపి వుంటుంది, మజ్జిగలోకి పెరుగు వుండదు. అందుకే ఒక కాగితంమీద ఎవరు ఏమి తేవాలో రాసి, పెరుగు, మంచినీళ్ళు, విస్తళ్ళు, చెత్తకు సంచీ - ఇవి కూడా ఒకరి పేరు పక్కన రాయండి. ఎవరిదీ కాని పని చివరికి ఇంటామె నెత్తినే పడుతుంది.

ఎంత వండాలి?

పాతికమందికి, అందులో ఏడెనిమిది మంది పిల్లలనుకుంటే, నా లెక్క ఇది. అన్నీ కలిపి బియ్యం మూడు కిలోలు. పులిహోరకు కిలో, పెరుగన్నానికి ముప్పాతిక కిలో, నువ్వులన్నానికి అరకిలో, తెల్లన్నానికి ముప్పాతిక కిలో. కిలో బియ్యం పులిహోరకు చింతపండు నూట పాతిక గ్రాములు. పులుపు ఘాటునుబట్టి కాస్త అటూ ఇటూ. నువ్వులన్నానికి వంద గ్రాముల నువ్వులు దోరగా వేయించి, ఎండుమిరపకాయలతో పొడి కొట్టాలి.

బూరెలకు అరకిలో శనగపప్పు, అరకిలో బెల్లం. నిమ్మకాయంత ఉండలు చేస్తే సుమారు యాభై వస్తాయి, మనిషికి రెండు. తోపుకు ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం. అట్లకు కిలో బియ్యం, అరకిలో మినప్పప్పు నానబోస్తే నలభైదాకా అట్లు వస్తాయి. వాయనంలో పదకొండు అట్లు పెట్టడం తదియనాటి ఆచారం, ఇక్కడ ఆ లెక్క అక్కర్లేదు. మనిషికి ఒకటిన్నర చాలు. ఇన్ని రకాలున్నప్పుడు ఏ ఒక్కటీ కడుపు నిండా తినరు. పండుగ రోజు వండినట్టు ప్రతిదీ నిండా వండితే మర్నాడంతా మీరే తినాలి.

మధుమేహం వున్నవాళ్ళు ఏ ఇంట్లోనయినా ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ళకు వేరే పంక్తి వెయ్యకండి, మనసు చిన్నబుచ్చుకుంటారు. కూర, పప్పు ఎక్కువ, అన్నం తక్కువ, బూరె ఒకటి - వడ్డించేటప్పుడే చూసుకోవాలి.

ఏది ముందు, ఏది వెనక?

రెండురోజుల ముందు: నువ్వులపొడి, ఉసిరికాయ పచ్చడి. ముందురోజు: పులిహోర పులుసు ఉడికించుకోవడం, పూర్ణం ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెట్టడం, అట్లపిండి రుబ్బడం, కంద చెక్కు తీసుకోవడం. కంద దురద పెడుతుంది, చేతులకు నూనె రాసుకోండి. ఉదయం: అన్నం వార్చి పులిహోర కలపడం, పప్పు, కూర, చివర బూరెలు.

పెరుగన్నానికి ఒక చిట్కా. అన్నం మెత్తగా వండి, వేడిమీదే పాలు పోసి మెదపండి. చల్లారాక పెరుగు కలపండి. మధ్యాహ్నానికి పులిసిపోదు. అన్నంలో కొన్ని సూక్ష్మజీవుల బీజాలు వుడికినా చావవు. వెచ్చగా వుండే గదిలో గంటల తరబడి వుంచితే పెరిగి, వాంతులూ విరేచనాలూ తెప్పిస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పూర్తిగా పోదు. తెల్లన్నం, పెరుగన్నం రెండు గంటలకు మించి బయట వుంచకండి. మిగిలితే వెంటనే వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పులుపు వున్న పులిహోర కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. దూరప్రయాణానికి కట్టివ్వడానికి అదే మంచిది.

చెట్టు ఎక్కడ?

"పట్నంలో ఉసిరిచెట్టు ఎక్కడ తెచ్చేదమ్మా?" అంటారా? క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోట పక్కన ఉసిరికొమ్మ నాటి పూజ చేస్తాం కదా. అదే చాలు. కుండీలో కొమ్మ గుచ్చి డాబామీద పెట్టుకోండి. పైన ఒక షామియానా. అపార్టుమెంటు అయితే మిగిలిన ఇళ్ళవారికి ముందే చెప్పి, వాళ్ళ పిల్లలను కూడా పిలవండి. పార్కుకు వెళ్ళేవారు పొయ్యి వెలిగించే ప్రయత్నం చెయ్యకుండా ఇంట్లోనే వండి తీసుకువెళ్ళండి. మోదుగాకు విస్తళ్ళు వాడండి, వచ్చేటప్పుడు చోటు శుభ్రం చేసి రండి.

దీపావళి వాటా అంటే టపాకాయలు మాత్రం కాదు. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీపావళి రాత్రి ఎనిమిదినుంచి పదిగంటలవరకే వాటిని కాల్చుకోవాలని చెప్పింది. మిగిలినవి దాచి ఈ రోజు కాల్చడం వద్దు. చెమ్మగిల్లిన టపాకాయ ఎప్పుడు పేలేదీ చెప్పలేం కూడా. సంధ్యవేళ మెట్లమీద వరసగా ప్రమిదలు వెలిగిస్తే చాలు, ఆ అందమే వేరు. పిల్లలకు నూలుబట్టలు వెయ్యండి, ఒక బాల్చీ నీళ్ళు దగ్గర వుంచండి. చెయ్యి కాలితే ఇరవై నిమిషాలపాటు చన్నీటి ధార కింద పెట్టాలి. సిరా, టూత్‌పేస్టు, పసుపు పుయ్యకూడదు.

ఎవరు ముందు కూర్చోవాలి?

ఇంతవరకూ చెప్పిందంతా వంటా, లెక్కా. అసలు సంగతి పంక్తిలో వుంది.

మామూలుగా మొదటి పంక్తి మగవాళ్ళూ పిల్లలూ, రెండోది పెద్దవాళ్ళు, ఆఖరున వండినవాళ్ళు. మేమిప్పుడు రెండే పంక్తులు వేస్తాం. మొదట పిల్లలూ, పెద్దవాళ్ళూ, వండిన ఆడవాళ్ళూ. వడ్డన మగవాళ్ళది. మొదట్లో మావారు పప్పు గరిటెతో పచ్చడి వడ్డించి అందరినీ నవ్వించారు. ఇప్పుడు నాకన్నా బాగా వడ్డిస్తారు! కార్తికంలో అన్నాచెల్లెళ్ళ భోజనం కూడా వుంది కాబట్టి, రెండో పంక్తిలో అన్నదమ్ముల విస్తళ్ళలో మొదటి ముద్ద చెల్లెళ్ళు వడ్డిస్తారు. విదియనాడు రాలేనివాళ్ళకు ఆ లోటూ తీరుతుంది.

మా పుట్టింట్లో ఒక పిన్ని వుంది. ఇరవై నాలుగో ఏట భర్త పోయాడు. నా చిన్నతనంనుంచీ అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి ఇంటిల్లిపాదికీ, పేరంటాళ్ళకూ అట్లు పోసేది ఆవిడే. వాయనాల వేళకు మాత్రం వంటింటి గుమ్మం దాటేది కాదు. పిలిచేవాళ్ళూ లేరు. అది తప్పని మాలో ఎవరికీ తట్టలేదు, అదీ విచిత్రం.

మా శనివారం విందుకు ఆవిణ్ణి పిలిచాం. వనభోజనంలో వాయనాలు లేవు, పేరంటం లేదు, ముత్తైదువ అనే లెక్క లేదు. చెట్టు నీడ అందరిదీ. అలవాటుగా పెనం దగ్గరికి వెళ్ళబోతుంటే మా చెల్లెలు చెయ్యిపట్టి తీసుకొచ్చి మొదటి పంక్తిలో, మా అత్తగారి పక్కన కూర్చోబెట్టింది. మా పెద్దకోడలు అట్టు పోసి, పెనంమీదినుంచి తిన్నగా విస్తట్లో వేసింది. పిన్ని కాసేపు దానివంక చూసి, "అరవై ఏళ్ళు పోశానే, వేడట్టు తినడం ఇదే మొదలు" అంది. మామూలుగానే అంది. మేమే తలలు వంచుకున్నాం.

అందుకే చెప్తున్నాను. పండుగలు కలిపేటప్పుడు వంటకాల జాబితాకన్నా ముందు మనుషుల జాబితా రాయండి. మీ ఇంట్లో ఏ పండుగకూ పిలుపు అందని మనిషి ఎవరో చూడండి. భర్త పోయిన అత్తయ్య కావచ్చు, పెళ్ళికాని అక్కయ్య కావచ్చు, పిల్లలు లేని వదిన కావచ్చు. తిథిని పట్టుకుని చేసే పూజల్లో ఎవరి ఆచారం వారిది, దాన్ని నేను విమర్శించబోవడం లేదు. కాని జరుపుకొచ్చిన ఈ పంక్తి మనది. ఇందులో ఎవరు కూర్చోవాలో నిర్ణయించేది మనమే.

ఖర్చు మాట

డబ్బు విషయం మొహమాటపడకుండా ముందే మాట్లాడుకోండి. తెచ్చే వస్తువులు ఎవరి ఖర్చు వారిది. షామియానా, పాలు, పెరుగు, విస్తళ్ళు లాంటి ఉమ్మడి ఖర్చు మాత్రం సంపాదించే ఇళ్ళు సమంగా పంచుకోవాలి. చేతకానివాళ్ళ వాటా నలుగురిలో అడగకండి. వాళ్ళకు పని వాటా ఇవ్వండి, గౌరవంగా వుంటుంది. ఒక నోటుపుస్తకం పెట్టి ఎంత వండాం, ఎంత మిగిలింది, ఎంత అయింది రాసుకుంటే వచ్చే ఏటికి తడుముకోనక్కర్లేదు. మా పుస్తకంలో మొదటి ఏటి పేజీలో "బూరెలు నూట ఇరవై, మిగిలినవి యాభై ఎనిమిది" అని వుంది. ఇప్పుడు చదువుకుని నవ్వుకుంటాం.

పోయిన ఏడు అందరూ వెళ్ళిపోయాక పుస్తకం మూస్తుంటే, చివరి పేజీలో మా పెద్దకోడలు రాసిన ఒక పంక్తి కనిపించింది. "వచ్చే యేడు అట్లు నేనే పోస్త. పిన్నమ్మ ముందు కూసోవాలె."

ఈ ఏడు పంచాంగం తెరిచి మీ శనివారం ఏదో మీరూ గుర్తు పెట్టుకోండి మరి.